మాట రాని రోజుల్లో ప్రార్థన: చెల్లెలి కూతురికి ఒక ఉత్తరం

ఒంగోలు

బంగారుతల్లికి పెద్దమ్మ రాసేది.

"మోకాళ్లేస్తున్నాను పెద్దమ్మా, నోట్లోంచి ఒక్క మాట రావట్లేదు" అన్నావు మొన్న ఫోన్లో. ఏడో నెలలో బిడ్డ పోయి ఇంకా నలభై రోజులైనా కాలేదు, మాట ఎక్కణ్ణుంచి వస్తుందే? ప్రార్థన కూడికలో ఎవరో "విశ్వాసం చాల్లేదమ్మా" అన్నారని ఏడ్చావు చూడు, ముందు ఆ మాట తీసి అవతల పారెయ్. మీ పెదనాన్నకి డయాలసిస్ జరుగుతున్నప్పుడు ఒకాయన మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, "దాచిన పాపమేదైనా ఉందేమో చూసుకోండి" అని చెప్పి వెళ్లాడు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులూ అదే పాట పాడారు. చివరికి దేవుడు కోపపడింది వాళ్ల మీద, యోబు మీద కాదు.

నేను చేసింది చెప్తాను, పనికొస్తే తీసుకో.

సొంత మాటలు రాకపోతే అరువు తెచ్చుకో. బైబిల్లో 13వ కీర్తన తియ్యి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. పైకి చదువు, అదే ప్రార్థన. చివర్లో సంతోషం ఉంది. అక్కడిదాకా పోలేకపోతే రెండో వచనం దగ్గరే ఆగిపో, నేను చాలా రోజులు అక్కడే ఆగాను. ఇంకా బరువుగా ఉన్న రోజున 88వ కీర్తన చదువు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనే మాటతో అయిపోతుంది, ఆ తర్వాత ఓదార్పు ముక్క ఒక్కటీ లేదు. అలాంటిది కూడా బైబిల్లో ఉందంటే నీ కోపం ఆయనకి కొత్తేం కాదు. నా పాత బైబిల్లో ఆ పేజీ నిండా పసుపు వేళ్ల మరకలే. పొయ్యి గట్టు మీద తెరిచిపెట్టి పాలు పొంగేలోపు చదివేదాన్ని. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి పోవాల్సిన ఇంట్లో అంతకంటే తీరిక ఉండేది కాదు.

తిండీ నిద్రా మానొద్దు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడి "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అంటే దూత వచ్చి వాక్యం బోధించలేదు. రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు, తిని మళ్లీ పడుకోనిచ్చాడు. పచ్చి ఒంటి మీద ఉన్నావు, ఇప్పుడు ఉపవాస ప్రార్థనలు పెట్టుకోకు. ఎవరైనా బలవంతం చేస్తే మా పెద్దమ్మ వద్దందని చెప్పు. డాక్టరమ్మ రాసిన మాత్రలు వేసుకో. (బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించి కొడుకుని కన్న హన్నా కథ ఎత్తితే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు, అందుకే ఎత్తను.)

చిన్నప్పుడు నిన్ను ఇక్కడి ప్రార్థన కొండ ఎక్కించాను, గుర్తుందా? 1854 జనవరి 1న తెల్లారగట్ల మిషనరీ జూవెట్ దొరగారితో కలిసి ఐదుగురు ఆ కొండ మీద మోకరించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఈ రెండు తారీఖుల మధ్య ఒక్క గంతు వేస్తారు. మధ్యలో ఇరవై నాలుగేళ్లున్నాయి. కొండ దిగినవాళ్లకి ఒంగోల్లో స్థిరంగా ఉండే మిషనరీ క్లౌ దొర దొరకడానికే 1866 దాకా పట్టింది. ఎవరి లెక్కలోకీ రాని ఆ పొద్దుల్లో వాళ్లు ఏం ప్రార్థించారో ఎవరూ చెప్పరు. నాకైతే వినాలని ఉండేది అదే.

ఇంకొక్క మాట. కపెర్నహూములో పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించారు కదా, అక్కడ యేసు చూసింది "వారి విశ్వాసము" అని రాసి ఉంది. మంచం మీదున్నవాడు నోరు విప్పినట్టే లేదు. నిన్ను మోసేవాళ్లలో ఇద్దర్నైనా ఎంచుకో. ఎక్కువ మాట్లాడేవాళ్లని ఎంచుకోకు. అల్లుడికి కూడా చెప్పు, ఆ అబ్బాయి బిడ్డా పోయిందని అందరూ మర్చిపోయినట్టున్నారు.

శుక్రవారం స్త్రీల కూడిక అయ్యాక, తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. నువ్వేం మాట్లాడక్కర్లేదు. ఎత్తి దిండు పక్కన పెట్టుకో, నేను చదువుతాను.

మీ పెద్దమ్మ