ఫోన్లో వస్తున్న నెట్ కంప్యూటర్‌లో ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాది విండోస్ 11 డెస్క్‌టాప్. మా అబ్బాయి ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) ఏదో దించాడు. అప్పటి నుంచి క్రోమ్‌లో ఏం వెతికినా వేరే సెర్చ్ పేజీ వచ్చేది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో స్కాన్ చేస్తే నాలుగు వైరస్‌లు తీసేసింది. ఇప్పుడు అసలు ఏ సైటూ తెరుచుకోవట్లేదు. వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తోంది, అదే వైఫైతో ఫోన్లు బాగానే పనిచేస్తున్నాయి. ఫార్మాట్ కొట్టించాలా? - ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: అప్పుడే ఫార్మాట్ దాకా వెళ్లకండి. ఫోన్లలో నెట్ వస్తోందంటే లైనూ రూటరూ బాగున్నట్టే, తేడా కంప్యూటర్‌లోనే ఉంది. వైరస్ తీసిన వెంటనే నెట్ పోయిందంటే మొదట అనుమానించాల్సింది ప్రాక్సీని, అంటే బ్రౌజర్‌కూ నెట్‌కూ నడుమ ఉండే మధ్యవర్తిని. ఈ రకం యాడ్‌వేర్ (ప్రకటనల కోసం చొరబడే ప్రోగ్రాము) మీ కంప్యూటర్‌లోనే ఓ ప్రోగ్రామును కూర్చోబెట్టి, బ్రౌజర్ రాకపోకలన్నీ దాని మీదుగా సాగేలా విండోస్‌లో ప్రాక్సీ అడ్రస్ మార్చేస్తుంది. మీకు వేరే సెర్చ్ పేజీ రావడం బహుశా దాని పనే. డిఫెండర్ ఆ ప్రోగ్రామును పీకేసింది గానీ అడ్రస్ అలాగే ఉండిపోయి ఉంటుంది. బ్రౌజర్ ఇంకా ఖాళీ ఇంటి తలుపే కొడుతోందన్నమాట.

సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ తెరవండి. కింద ‘యూజ్ ఎ ప్రాక్సీ సర్వర్’ పక్కనున్న బటన్ నొక్కితే అడ్రస్ కనిపిస్తుంది. అక్కడ 127.0.0.1, పక్కనే 8080 లాంటి పోర్ట్ నంబరు ఉంటే దొంగ దొరికినట్టే. 127.0.0.1 అంటే ఏ కంప్యూటర్‌కైనా తన సొంత అడ్రసే. దాన్ని ఆఫ్ చేసి సేవ్ నొక్కండి. ‘యూజ్ సెటప్ స్క్రిప్ట్’ కూడా ఆఫ్‌లో ఉండాలి. ‘ఆటోమేటికల్లీ డిటెక్ట్ సెట్టింగ్స్’ను మాత్రం కదపొద్దు. బ్రౌజర్ మూసి మళ్లీ తెరవండి.

అప్పటికీ రాకపోతే డీఎన్ఎస్ చూడాలి. సైటు పేరు కొడితే దాని నంబరు అడ్రస్ వెతికిపెట్టేది ఇదే. మీ వైఫై ప్రాపర్టీస్‌లో ‘డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్’ దగ్గర మీరు పెట్టని నంబర్లు మాన్యువల్‌గా కనిపిస్తే ఆటోమేటిక్‌కు మార్చండి. ఇది పాత ఎత్తే. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ ఇలాగే నంబర్లు మార్చి లక్షల కంప్యూటర్లను దారి మళ్లించింది. 2011లో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠా సర్వర్లను పట్టుకుని, జనానికి నెట్ ఆగిపోకుండా వాటి స్థానంలో మంచి సర్వర్లు నడిపించింది. 2012 జులై 9న వాటిని ఆపేశాక, అప్పటికీ శుభ్రం చేసుకోని కంప్యూటర్లకు నెట్ పోయింది. మీ కథా ఇంచుమించు అలాంటిదే.

నెట్ సెట్టింగులన్నిటినీ మొదటికి తెచ్చే నెట్‌వర్క్ రీసెట్ ఆఖరి మాట. అది చేస్తే వైఫై పాస్‌వర్డులు మళ్లీ కొట్టుకోవాలి, వీపీఎన్ ఉంటే మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

నెట్ వచ్చిందని అక్కడితో వదిలేయొద్దు, అసలు పని ఇప్పుడే ఉంది. క్రాక్‌లతో వచ్చే సూచనల్లో ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని తరచూ ఉంటుంది. ఆపిన ఆ కాస్త సమయంలో కొన్ని వైరస్‌లు తమ ఫోల్డర్‌ను డిఫెండర్ మినహాయింపుల్లో, అంటే స్కాన్ చేయకుండా వదిలేసే జాబితాలో చేర్చేస్తాయి. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, ‘మేనేజ్ సెట్టింగ్స్’, అట్టడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’. అక్కడ సీ డ్రైవ్ మొత్తం చేరి ఉంటే స్కాన్ ‘క్లీన్’ అని చెప్పడంలో వింతేముంది? మీరు పెట్టనివన్నీ తీసేయండి. తర్వాత స్కాన్ ఆప్షన్స్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి, ఎందుకంటే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. దాదాపు 15 నిమిషాలు పడుతుంది. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి నడుస్తున్న వైరస్ దాక్కోవడం కష్టం.

ఆపైన ప్రాక్సీ పేజీ ఇంకోసారి చూడండి. 127.0.0.1 మళ్లీ వచ్చి కూర్చుంటే దాన్ని పెడుతున్నది లోపల ఇంకా ఉన్నట్టే. ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ను తేదీ వారీగా పేర్చి, క్రాక్ పెట్టిన రోజు చేరినవన్నీ తీసేయండి. ప్రోగ్రాములను తమంతట తామే నడిచేలా పెట్టే టాస్క్ షెడ్యూలర్‌లోనూ ఆ తేదీ తర్వాతివి చూడండి. ఇవన్నీ చేసినా తిరిగొస్తే అప్పుడు ఫార్మాట్ న్యాయం.

ఒక్కటి మాత్రం ఈ రోజే చేయండి. ఇలాంటి క్రాక్‌లు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను కూడా ఎత్తుకుపోతుంటాయి. ఈ కంప్యూటర్ నుంచి కాదు, ఫోన్ నుంచి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత లాగిన్లు ప్రతిచోటా తెగిపోవు.

ప్రశ్న: పాత డెస్క్‌టాప్. రాత్రి గోడ స్విచ్ ఆపేస్తాం. పొద్దున్న తెరిస్తే చాలా సైట్లకు ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని వస్తోంది. వైరసా? - ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్క్రీన్ మూలనున్న తేదీ చూడండి. ఎన్నో ఏళ్ల వెనకటి తేదీ ఉంటే మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలు, గడువు తేదీలుంటాయి. మీ గడియారం వెనకబడితే అవి ఇంకా పుట్టనట్టే లెక్క. చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032, 3 వోల్టులది, రూపాయి బిళ్లంత ఉంటుంది. ప్లగ్ పీకేసి, పక్కనున్న క్లిప్‌ను వేలితో నొక్కితే పైకి లేస్తుంది. పాత సెల్‌కు ప్లస్ గుర్తు ఎటు ఉందో, కొత్తదీ అటే ఉండేలా పెట్టండి. మొదటిసారి ఎఫ్1 నొక్కమని అడగొచ్చు, కంగారు పడకండి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) తేదీ సరిచేసి సేవ్ చేయండి.

ప్రశ్న: స్క్రీన్ మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని పదేపదే వస్తోంది. - ఓ పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఏదో సైటులో ‘అలౌ’ నొక్కి ఉంటారు, ఆ సైటే నోటిఫికేషన్లు పంపుతోంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కి వెళ్లి, అనుమతించిన జాబితాలో తెలియని పేర్లన్నీ తీసేయండి. చాలాసార్లు దీంతోనే ఆగిపోతుంది. ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్‌తో కంప్యూటర్ అప్పగించి ఉంటే నెట్ తీసేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.