టాటూ మీద పొక్కులు తగ్గడం లేదు... ఎలర్జీయేనా?

ప్రశ్న: నా వయసు 24. నెల కిందట ముంజేతి మీద టాటూ వేయించుకున్నాను. రెండు వారాలు బాగానే ఉంది. తర్వాత బూడిదరంగు షేడింగ్ ఉన్నచోట మాత్రం ఎర్రటి చిన్న చిన్న పొక్కులు లేచాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాశాను, అయిదు రోజులు యాంటీబయాటిక్ వేసుకున్నాను. తగ్గలేదు. నా ముందే కొత్త సూది విప్పారు. ఎలర్జీ అంటారా? హెచ్ఐవీ టెన్షన్ కూడా పట్టుకుంది.
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: ఎలర్జీ కావచ్చు. కానీ పొక్కులు నల్లగీతల మీద లేకుండా బూడిదరంగులోనే వచ్చాయంటున్నారు కాబట్టి నేనైతే ముందు ఇంకును అనుమానిస్తాను. ఆ రంగు కోసం చాలాసార్లు నల్ల ఇంకును నీళ్లతో పల్చన చేస్తారు. నీళ్లు శుభ్రమైనవి కాకపోతే మైకోబాక్టీరియం చెలోనే అనే బ్యాక్టీరియా సూది వెంట చర్మంలోకి దిగుతుంది. ఇది క్షయ బ్యాక్టీరియా జాతిదే. భయపడకండి, దీనివల్ల టీబీ రాదు, ఇంట్లోవాళ్లకు అంటదు.

2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్‌లో ఒకే ఆర్టిస్టు దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి ఇలాగే పొక్కులు వచ్చాయి. ఆరా తీస్తే, మూత కూడా తీయని బూడిదరంగు ఇంకు సీసాలో ఈ బ్యాక్టీరియా దొరికింది. అలాంటప్పుడు సూది ఎంత కొత్తదైతే ఏం లాభం?

మామూలు యాంటీబయాటిక్స్‌కు ఇది లొంగదు. చర్మవ్యాధి నిపుణులను కలిసి, టాటూ సంగతి దాచకుండా చెప్పండి. పొక్కు దగ్గర చర్మం చిన్న ముక్క తీసి బయాప్సీ (మైక్రోస్కోపు కింద చూడటం), కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి గుర్తించడం) చేయిస్తారు. కల్చర్‌లో ఇదే అని తేలితే సరైన మందులు కొన్ని నెలలు వాడాలి, చాలామందికి తగ్గిపోతుంది. ఈలోగా ఆ ఆయింట్‌మెంట్ ఆపేయండి. మన మెడికల్ షాపుల్లో దురదకు ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతుంది. జ్వరం వచ్చినా, చెయ్యి వాచినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

కొత్త సూది వాడారు కాబట్టి హెచ్ఐవీ భయం పెద్దగా అక్కర్లేదు. అయినా వేరేవాళ్లకు వాడిన ఇంకు కప్పులోనే సూది ముంచారేమో మీకు తెలియదు కదా. హెచ్ఐవీ పరీక్ష ఇప్పుడోసారి, మూడు నెలలు నిండాక ఇంకోసారి చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఆరు నెలలకు చేయిస్తే సరిపోతుంది. టాటూ వేయించుకున్న నాటి నుంచి ఏడాదిపాటు రక్తదానం చేయకూడదు.

టాటూ వేసినాయనకు ఇవాళే ఫోన్ చేయండి. ఆ బూడిదరంగు సీసా ఇంకెవరికీ వాడకుండా, పారేయకుండా పక్కన పెట్టమనండి. అవసరమైతే దాన్నీ ల్యాబ్‌లో పరీక్షించవచ్చు.