గయానా వస్తున్నారా? జీడీపీ కాదు, పల్లం చూసుకోండి

చమురు దేశం కాబట్టి జీతాలు బాగుంటాయని కొందరు, ఎంబీబీఎస్ చౌకలో అయిపోతుందని కొందరు దక్షిణ అమెరికాలోని గయానా గురించి అడుగుతుంటారు. వార్తల్లో గయానా వేరు, మీరు అద్దెకుండే గయానా వేరు.

విస్తీర్ణం 2.15 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది. జనం తొమ్మిది లక్షల్లోపే, అందులో పదింట తొమ్మిదిమంది సముద్రం పక్కనున్న సన్నటి పట్టీ మీదే ఉంటారు. మిగతాదంతా దాదాపు అడవి. ఆ పట్టీ పోటు సమయంలో సముద్రం కంటే పల్లం. రాజధాని జార్జ్‌టౌన్‌ని కాపాడేది సముద్రపు గోడ, డచ్చివాళ్ల నాటి కాలువలు, వాటి చివర కోకర్ అనే తూము తలుపులు. ఆటులో తలుపెత్తితే మురుగునీరు సముద్రంలోకి పోతుంది, పోటులో దించేస్తారు. జోరువాన, పోటు ఒకేసారి వస్తే నీటికి దారుండదు, వీధిలోనే నిలుస్తుంది. 2005 జనవరిలో తూర్పు తీరపు ఊళ్లు వారాల తరబడి మునిగాయి. వానలు మే నుంచి ఆగస్టు సగం దాకా ఒకసారి, నవంబరు సగం నుంచి జనవరి దాకా మరోసారి.

అందుకే ఇల్లు చూసేటప్పుడు పై అంతస్తే అడగండి. స్తంభాల మీద ఇల్లు కట్టి, కిందిభాగాన్ని గోడలతో మూసి చౌకగా అద్దెకిస్తారు. ఆ గోడకు అడుగున కొత్త రంగు ఒక్క గీత దాకానే ఉంటే నీళ్లు ఎంతవరకు వచ్చాయో తెలిసిపోతుంది. కరెంటు తరచూ పోతుంది, జనరేటరు, నీళ్ల ట్యాంకు ఉన్నాయేమో చూడండి. నగరంలో ఎక్కువ ఇళ్లకు 110 వోల్టులు. మన 750 వాట్ల మిక్సీ తెస్తే వోల్టేజీ పెంచే 1500 వాట్ల స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది, చిన్నది పెడితే కాలిపోతుంది.

ఇక చమురు. 2015లో దొరికింది, 2019 డిసెంబరులో తీయడం మొదలైంది. 2022లో ఆర్థికవృద్ధి 60 శాతం దాటింది. కానీ చమురు కంపెనీతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఆదాయంలో 75 శాతం దాకా ముందు కంపెనీ ఖర్చులకే పోతుంది, మిగిలినదాంట్లో సగం, దానిపైన 2 శాతం రాయల్టీ ప్రభుత్వానికి. అంటే తొలి ఏళ్లలో వందకు సుమారు పద్నాలుగున్నర. అద్దెలు మాత్రం చమురు కంపెనీల వాళ్లను చూసి పెరిగాయి, విదేశీయులకు అమెరికా డాలర్లలోనే చెబుతారు. మరోవైపు 2016, 2017లలో చక్కెర ఎస్టేట్లు మూతపడి వేలమంది వీధినపడ్డారు, ఆ దెబ్బ ఇంకా మానలేదు. 2021 లోకల్ కంటెంట్ చట్టం వల్ల చమురు రంగంలో మొదటి అవకాశం గయానీయులదే. వర్క్ పర్మిట్ చేతికి రాకుండా విజిటర్‌గా దిగి ఉద్యోగం వెతుక్కుందామనుకోకండి.

విద్యార్థులకు: నీట్ అర్హత, 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఆ దేశంలో ప్రాక్టీసుకి రిజిస్ట్రేషన్ అర్హత, ఇవన్నీ మన మెడికల్ కమిషన్ షరతులు. అసలు వైద్యం చదువుకి ముందుండే ప్రీ-మెడికల్ నెలలు తీసేశాక 54 మిగులుతాయా అని కాలేజీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. ఏజెంటు మాట చెల్లదు.

మనుషుల్లో దాదాపు నలభై శాతం భారత సంతతి, 1838 నుంచి 1917 దాకా చెరకు తోటలకు కూలీలుగా వచ్చినవాళ్ల వారసులు. మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లను ఇప్పటికీ మద్రాసీలంటారు, వాళ్లలో మారియమ్మ పూజలున్నాయి. భారతీయులమే కదా అని ఎన్నికల గురించి మాత్రం నోరు జారకండి. ఓట్లు చాలావరకు భారత, ఆఫ్రికా సంతతుల మధ్య చీలి ఉంటాయి, 2020 ఫలితం తేలడానికి ఐదు నెలలు పట్టింది. 2014 ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదికలో ఆత్మహత్యల రేటు ఈ దేశానిదే అన్నిటికన్నా ఎక్కువ. దోపిడీలూ ఉన్నాయి, చీకటిపడ్డాక స్టాబ్రోక్ మార్కెట్ దగ్గర, సముద్రపు గోడ మీద నడవకండి. నంబరు ప్లేటు హెచ్‌తో మొదలయ్యే టాక్సీలే ఎక్కండి.

న్యూయార్క్, మయామీ మీదుగా టికెట్ తీసుకుంటే విమానం మారడానికైనా అమెరికా వీసా తప్పనిసరి. బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే కార్డు పారేసుకుంటే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.