పాస్‌బుక్కులన్నీ మనవరాలి చదువుకే పెడతామంటున్నారు

ప్రశ్న: మాది రాజమండ్రి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద చైనాలోని సుజౌకి వచ్చి, తోటి ఉద్యోగిని పెళ్లి చేసుకుని ఇక్కడే స్థిరపడ్డాను. ఆయన ఒక్కడే కొడుకు. మా అమ్మాయికి పదహారేళ్లు. అత్తమామలు పక్కనే వుషీలో ఉంటారు. అత్తయ్యకు 68 ఏళ్లు, నూలు మిల్లులో చేసి రిటైరయ్యారు. పోయిన నెల భోజనాలయ్యాక ఆవిడ పాస్‌బుక్కులన్నీ తెచ్చి టేబుల్ మీద పరిచి, ‘ఇవీ, మా రెండో ఫ్లాట్ అమ్మిన డబ్బూ కలిపి పిల్లని ఇంగ్లండులో డిగ్రీ చదివించండి’ అన్నారు. మావారు సరేనన్నారు. నేను వద్దన్నాను. ‘కన్నతల్లివి, నీకే ఇష్టం లేదా’ అని ఆవిడ ఏడ్చారు. మా అమ్మాయి తన గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. నేనూ మా అమ్మానాన్నలకు ఒక్కదాన్నే, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. డబ్బు పంపడానికి బంధువుల పేర్లు వాడుకోవచ్చని మావారి స్నేహితుడు అంటున్నాడు. నేను చేస్తున్నది తప్పా?
– ఒక సోదరి, సుజౌ

జవాబు: మీ భయంలో తప్పేమీ లేదమ్మా. అయితే మీరు ‘వద్దు’ అన్నప్పుడు మీ అత్తగారికి ఏం వినబడిందో ముందు చూడాలి.

ఆవిడ వయసు లెక్కేస్తే, స్కూలుకు వెళ్లాల్సిన ఏళ్లు చాలావరకు, 1966 నుంచి 1976 దాకా చైనాలో మావో నడిపిన, చదువులన్నీ అస్తవ్యస్తమైన సాంస్కృతిక విప్లవంలోనే పోయాయి. ఆగిపోయిన కాలేజీ ప్రవేశ పరీక్ష మళ్లీ 1977 చివర్లో మొదలయ్యేసరికి ఆవిడకు ఇరవై ఏళ్లు. ఆ తర్వాత ఒక్క బిడ్డే ఉండాలన్న నిబంధన వచ్చింది. తొంభైల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీలు కోట్ల మందిని ఇళ్లకు పంపేశాయి. అంతవరకూ ఇల్లు, వైద్యం, పిల్లల బడి చాలావరకు ఫ్యాక్టరీయే చూసుకునేది. ఆ బరువంతా ఒక్కసారిగా కుటుంబాల నెత్తిన పడింది. అక్కడి ఇళ్లు చేతికొచ్చిన ఆదాయంలో దాదాపు మూడో వంతు దాచుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆవిడ టేబుల్ మీద పరిచిన ఆ పుస్తకాల్లో ఎన్ని కోరికలు చంపుకుని దాచిన డబ్బుందో ఊహించండి. తనకు దక్కని చదువు మనవరాలికి ఇస్తానంటే కోడలు వద్దంది. కష్టం కలగదా?

కాబట్టి ముందు ఆవిడకు ఆ మాట చెప్పండి. ‘అత్తయ్యా, మీరు ఎంత పెద్ద మనసుతో ఇచ్చారో నాకు అర్థమైంది, నేనలా ఒక్కమాటలో వద్దనకుండా ఉండాల్సింది’ అనండి. లెక్కలు ఆ రోజే తీయకండి.

ఇక లెక్కల సంగతి. బ్రిటన్‌లో విదేశీ విద్యార్థికి డిగ్రీ ఫీజు చాలా కాలేజీల్లో ఏడాదికి 20 వేల పౌండ్లకు పైమాటే, సైన్సు కోర్సులకైతే చాలాచోట్ల 30 వేలు దాటుతుంది. ఉండటానికి, తినడానికి ఇంకో పది పన్నెండు వేలు, లండన్ అయితే అంతకన్నా ఎక్కువ. మూడేళ్లకు చైనా డబ్బులో దాదాపు తొమ్మిది పది లక్షల యువాన్లు. మన దగ్గర విదేశీ చదువంటే చాలా ఇళ్లలో బ్యాంకు లోను ఉంటుంది, నెలనెలా వాయిదా గుర్తుచేస్తుంది. చైనాలో చాలా కుటుంబాలు సొంత పొదుపే పెడతాయి. వాయిదా లేదు కాబట్టి బరువు లేనట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ బరువు మోసేది పెద్దవాళ్ల చివరి పదిహేనేళ్లు. మోకాలి ఆపరేషన్, పక్షవాతం, ఇంట్లో రాత్రింబవళ్లు ఉండే ఆయా, ఇవేవీ పెన్షన్‌తోనూ ఆరోగ్య బీమాతోనూ పూర్తిగా తీరవు. అప్పుడు చూసుకోవాల్సింది మీ ఆయన ఒక్కరే.

ఫ్లాట్ అమ్మే విషయంలో మాత్రం నా మాట గట్టిగానే చెబుతాను. ఇప్పుడు అమ్మొద్దు. 2021 నుంచి అక్కడ ఇళ్ల ధరలు దిగుతూనే ఉన్నాయి. ఇంకా దిగుతాయా, లేస్తాయా అన్న జూదం సంగతి పక్కన పెట్టండి. అడ్మిషన్ గడువు తరుముకొస్తుంటే అమ్మేవాళ్లకు బేరమాడే బలం ఉండదు. డిపాజిట్ మీద వడ్డీ కూడా పెద్దగా రాని రోజులివి, పెద్ద బ్యాంకుల్లో ఏడాది డిపాజిట్ రేటు 2025 మే నెలలో ఒక శాతం కిందికి పోయింది. ఆ ఫ్లాటు అద్దెకిస్తే నెలకు వచ్చే నాలుగు డబ్బులైనా ఆవిడ చేతిలో ఉంటాయి. పాస్‌బుక్కుల్లోంచి కూడా, ఇద్దరి వైద్యానికీ, పనిమనిషికీ కొన్నేళ్లకు సరిపడా పక్కన పెట్టాక మిగిలినదే చదువు డబ్బు అని పెద్దవాళ్ల ముందే నిర్ణయించండి. ఆ అంకె తేలాకే కాలేజీలు వెతకాలి. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు కాలేజీ పేరు వస్తుంది, తర్వాత దానికోసం ఇల్లంతా గుల్ల చేసుకుంటారు.

మధ్యేమార్గాలు మీ ఊళ్లోనే ఉన్నాయి. సుజౌలో 2006 నుంచి నడుస్తున్న షియాన్ జియావోతోంగ్–లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో రెండేళ్లు అక్కడ, రెండేళ్లు లివర్‌పూల్‌లో చదివే ఏర్పాటుంది. నాలుగేళ్లూ సుజౌలోనే ఉన్నా లివర్‌పూల్ డిగ్రీ వస్తుంది. ఇవీ ప్రభుత్వ కాలేజీలంత చవకేమీ కావు, కానీ మూడేళ్ల లండన్ ఖర్చుతో పోల్చి చూడండి. ఇంకో దారి, డిగ్రీ చైనాలోనే చేసి, బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్‌కు వెళ్లడం. విదేశంలో అయ్యే ఖర్చు దాదాపు మూడో వంతుకు దిగుతుంది, పిల్లకూ ఇరవై రెండేళ్లు వస్తాయి, తనకేం కావాలో తనకు తెలుస్తుంది. నాకు ఇదే నచ్చింది. విదేశీ డిగ్రీ ఉంటే చాలు, తిరిగొచ్చి మంచి ఉద్యోగంలో కూర్చోవచ్చన్న రోజులు అక్కడ పోయాయి. 2025లో చైనాలో చదువు ముగించుకుని కాలేజీల నుంచి బయటికొచ్చినవాళ్లే 1.22 కోట్ల మంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన చోటు ఒకటుంది. ‘నేనూ ఒక్కదాన్నే, ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు’ అని రాసి, వెంటనే డబ్బు పంపే విషయంలోకి వెళ్లిపోయారు. అత్తమామల డబ్బంతా చదువుకు పోతే, రేపు వాళ్లకు అవసరం పడినప్పుడు మీ ఇద్దరి జీతాలూ వుషీకే పోతాయి, రాజమండ్రిలో మీవాళ్లకు ఏమీ మిగలదు. మీ అసలు భయం ఇదే అనుకుంటున్నాను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మీరు మీ ఆయనకు ఈ మాట సూటిగా ఎప్పుడైనా చెప్పారా? చెప్పినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇద్దరూ ఒక్కొక్క బిడ్డే అయినప్పుడు నలుగురు పెద్దవాళ్లుంటారు. ‘మన ఇంటి లెక్కలో మా అమ్మానాన్నల పేరు మీద కూడా ఒక గీత ఉండాలి’ అని చెప్పండి. ఆయన ఒక్కడే కొడుకు కాబట్టి ఆ బాధ అందరికన్నా ఆయనకే బాగా అర్థం కావాలి. అత్తగారి ముందు కాదు, మీరిద్దరే ఉన్నప్పుడు. ఇది చెప్పకుండా ఫీజుల గురించి ఎంత వాదించినా ఆ వాదన తెగదు.

అమ్మాయిని ఎవరూ అడగలేదు, గమనించారా? తన మూలంగా నానమ్మ ఏడ్చింది, అమ్మ మాట పడింది. ఇప్పుడు వెళ్తానన్నా తప్పే, వెళ్లనన్నా తప్పే అనిపిస్తుంది ఆ వయసులో. తనతో విడిగా కూర్చోండి. ఏ సబ్జెక్టు ఇష్టం, దూరంగా ఉండగలవా, గావోకావో (చైనా కాలేజీ ప్రవేశ పరీక్ష) రాస్తావా అని అడగండి. రెండోసారి మాత్రం తప్పక అడగండి, మొదటిసారి పిల్లలు మనకు నచ్చే జవాబే చెబుతారు. ఒకవేళ డిగ్రీకే వెళ్లాలని తను గట్టిగా కోరుకుంటే, ఇంట్లో తేల్చుకున్న మొత్తం తనకు దాచకుండా చెప్పండి. ఆ మొత్తంలో ఏ దేశం, ఏ కోర్సు వస్తాయో తనే వెతుకుతుంది. కానీ ‘నానమ్మ జీవితమంతా దాచింది నీకిచ్చింది’ అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. పరాయి దేశంలో ఒక సబ్జెక్టు తప్పితే ఫోన్ చేసి చెప్పుకునే ధైర్యం ఆ పిల్లకు ఉండాలి కదా.

ఇక బంధువుల పేర్ల సంగతి. ఆ జోలికి పోకండి. చైనాలో ఒక్కో పౌరుడు ఏడాదికి 50 వేల డాలర్ల విలువ వరకు విదేశీ మారకం కొనుక్కోవచ్చు. డబ్బు ముక్కలు చేసి ఇంకొకరి పేరు మీద పంపితే, పేరు ఇచ్చినవాళ్లు కూడా నిఘా జాబితాలో పడే ప్రమాదం ఉంది, అలా పడితే ఆ ఏడాదితో పాటు తర్వాత రెండేళ్లు వాళ్లకు ఈ 50 వేల డాలర్ల సౌకర్యం ఆగిపోతుంది. మీకా అవసరమే లేదు. మీ ఆయన పరిమితి ఉంది. ఫీజు అంతకు మించితే అడ్మిషన్ లెటర్, ఫీజు నోటీసు చూపించి బ్యాంకులోనే పంపవచ్చు. మీది భారత పౌరసత్వమే అయితే, పన్ను కట్టిన జీతాన్ని, జీతం, పన్ను కాగితాలు చూపించి విదేశీ కరెన్సీలోకి మార్చుకునే వీలు మీకు విడిగా ఉంది. ఈ వారంలో ఒకసారి మీ జీతం పడే బ్యాంకుకు ఇద్దరూ కలిసే వెళ్లండి, ఏయే కాగితాలు కావాలో రాయించుకుని రండి.