లైబాఖ్ ఫాసిస్టు బ్యాండా, ఫాసిజాన్ని వెక్కిరించే బ్యాండా?

ఆ యూనిఫాంలు, బూట్లు, జర్మన్‌లో గర్జించే గొంతు చూసి మీకీ అనుమానం వచ్చినట్టుంది. చాలా ఏళ్ళుగా వింటున్నాను, ఒకసారి కచేరీ కూడా చూశాను. నా లెక్కలో వాళ్ళు ఫాసిస్టులు కారు. అలాగని "అంతా వ్యంగ్యమే, టెన్షన్ పడకండి" అని కూడా అనలేను. వెక్కిరించేవాడు ఎక్కడో ఒకచోట నవ్వేస్తాడు. వీళ్ళు నవ్వరు.

వాళ్ళది స్లొవేనియాలోని త్రబోవ్లె అనే బొగ్గు గనుల ఊరు. స్లొవేనియా అప్పట్లో యుగోస్లావియాలో భాగం. ఆ దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు నేత టిటో చనిపోయిన 1980లోనే బ్యాండ్ మొదలైంది. లైబాఖ్ అంటే స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానాకు జర్మన్ పేరు. నాజీ ఆక్రమణ చూసిన తరానికి ఆ పేరు వింటేనే ఒళ్ళు మండేది. 1983లో ఒక టీవీ ఇంటర్వ్యూకి సైనిక దుస్తుల్లో వచ్చి, బొమ్మల్లా కూర్చుని, ప్రకటనలు చదివినట్టు జవాబులిచ్చారు. ఆ తర్వాత 1987 దాకా ల్యుబ్లియానాలో ఆ పేరు వాడటంపై నిషేధం. అందుకే 1985లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద బ్యాండ్ పేరే ఉండదు.

నా అనుమానాన్ని చాలావరకు తీర్చింది మాత్రం 1987 నాటి పోస్టర్ గొడవ. టిటో పుట్టినరోజు పేరుతో యుగోస్లావియా అంతటా జరిగే యువజన దినోత్సవానికి పోస్టర్ కావాల్సి వచ్చింది. లైబాఖ్ కూడా భాగమైన ఎన్.ఎస్.కె. కళాకారుల కూటమిలోని డిజైన్ బృందం ఒకటి పంపింది. అది రిచర్డ్ క్లైన్ అనే నాజీ కాలపు చిత్రకారుడి 1936 నాటి బొమ్మే. జెండా మార్చారు, గద్ద స్థానంలో పావురాన్ని పెట్టారు, ఇలాంటి కొన్ని మార్పులే. న్యాయనిర్ణేతలు దాన్నే ఎంపిక చేశారు! అసలు బొమ్మ సంగతి బయటపడ్డాక దేశమంతా గగ్గోలు. మన ఆదర్శాలకు అద్దంలా ఉందనుకున్నది నాజీ బొమ్మ అని తేలితే ఏ ప్రభుత్వం మాత్రం ఏం చెప్పుకుంటుంది? ఒక్క నినాదం ఇవ్వకుండా అంత పని చేశారు.

పాటల్లోనూ అదే పద్ధతి. క్వీన్ బ్యాండ్ "వన్ విజన్"ను జర్మన్‌లో, కవాతు దరువుతో పాడారు. సాహిత్యం పెద్దగా మార్చలేదు. స్టేడియంలో సరదాగా అరిచిన మాటలే ఇక్కడ ఆజ్ఞల్లా వినిపిస్తాయి.

నాకు నచ్చనిదీ ఒకటుంది. నేను చూసిన కచేరీలో పక్కనున్న కొందరు ఆ దుస్తులకు, ఆ దరువుకు నిజంగానే ఉప్పొంగిపోయి పిడికిళ్ళు ఎత్తారు. వాళ్ళకు ఎవరూ అడ్డు చెప్పలేదు, వేదిక మీదివాళ్ళు అసలే పట్టించుకోలేదు. నిషేధించే ప్రభుత్వం ఎదురుగా ఉన్నప్పుడు ఆ మొండి మౌనానికి పదును ఉండేది. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళ ముందు అది సగం ఫ్యాషన్ అయిపోతుంది. 2015లో ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్యాంగ్‌లో పాడటం కూడా నాకు సాహసం కంటే ప్రచారంగానే అనిపించింది. దీనిమీద అభిమానులు నాతో గొడవపడతారు, పడనివ్వండి.

వినాలనుకుంటే 1987 నాటి "ఓపస్ డెయి" ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. లోపలి కవరు మీద గొడ్డళ్ళతో చేసిన స్వస్తిక కనిపిస్తే కంగారుపడకండి, అది నాజీలకు బద్ధవ్యతిరేకి జాన్ హార్ట్‌ఫీల్డ్ చేసిన బొమ్మ. తొలినాళ్ళ రికార్డింగులు తర్వాత చూసుకోవచ్చు. అవి చాలామటుకు యంత్రాల రొద, ప్రసంగాల ముక్కలే. హెడ్‌ఫోన్స్‌లో వింటే మాత్రం సౌండ్ తగ్గించి పెట్టుకోండి.