ఆ దయ్యం ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ మొన్న అందింది. రాత్రి భోజనాలయ్యాక ఒకసారి, మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఇంకోసారి చదివాను. వాక్యం నీ చేతికి వచ్చేసింది తల్లీ. ఆ పాత బంగళాలో మెట్లు కిర్రుమనడం, గాలికి కిటికీ రెక్క కొట్టుకోవడం, ఎవరూ లేని వంటింట్లోంచి పోపు వాసన రావడం, అన్నీ కుదిరాయి. కానీ మూడో పేజీలో తెల్లచీర ఆవిడ కనబడగానే నాకు భయం పోయింది. ఎందుకు పోయిందా అని చాలాసేపు ఆలోచించాను. ఆవిడ ఆ ఇంట్లో కాక పక్క వీధిలో కనబడినా కథకి తేడా ఏమీ రాదు. నీ కథలో కుర్రాడి బదులు వాళ్ల బాబాయి ఆ మెట్లెక్కినా అలాగే కనబడేది. ఆ దయ్యం ఎవరిదీ కాదు. అదే వచ్చిన చిక్కు.

చదవమని ఏవో పుస్తకాల పేర్లు రాస్తాననుకుంటావేమో. ఈసారి ఒక వీడియో గేమ్ ఆడమంటున్నాను. సైలెంట్ హిల్ 2. కొనామి కంపెనీలో టీమ్ సైలెంట్ అనే జపాన్ బృందం 2001లో ప్లేస్టేషన్ 2 అనే గేమ్ మెషీన్ కోసం చేసింది. మా మేనల్లుడు సెలవులకి వస్తూ తెచ్చుకుంటే, మొదట వాడి పక్కన కూర్చుని చూశాను. వాడు పడుకున్నాక నేనే కంట్రోలర్ పట్టుకున్నాను. కథంతా నీకు ముందే చెప్పేస్తున్నాను, ఏమనుకోకు. ఈ ఆట కథ తెలిశాక ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

జేమ్స్ సండర్లాండ్ అని ఒక మామూలు మనిషి. పోలీసు కాదు, సైనికుడు కాదు. భార్య మేరీ జబ్బు చేసి మూడేళ్ల కిందట పోయింది. ఇప్పుడు ఆవిడ పేరుతో ఉత్తరం వచ్చింది. ఒకప్పుడు ఇద్దరూ కలిసి గడిపిన సరస్సు ఒడ్డు ఊళ్లో, సైలెంట్ హిల్‌లో, నీ కోసం ఎదురుచూస్తున్నానని. పోయినవాళ్లు ఉత్తరాలు రాయరని అతనికీ తెలుసు. అయినా కారేసుకుని బయలుదేరాడు.

ఆట ఎక్కడ మొదలవుతుందో చూడు. ఊరి బయట, రోడ్డు పక్కన పాడుబడ్డ టాయిలెట్. జేమ్స్ అద్దంలో తన ముఖం చూసుకుంటూ నిలబడి ఉంటాడు. అరచేత్తో నెమ్మదిగా ముఖం తుడుచుకుంటాడు. అంతే. రక్తం లేదు, రాక్షసుడు లేడు. అక్కణ్ణించి ఊళ్లోకి అడవిలో మట్టిబాట. చుట్టూ పొగమంచు. నడుస్తావు, నడుస్తావు, ఇంకా నడుస్తావు. ఏమీ రాదు. అడుగుల చప్పుడు మాత్రం వినబడుతూ ఉంటుంది. మా వాడు "ఏంటత్తా, ఏదీ రాదేంటి" అని విసుక్కున్నాడు గానీ, వాడి వేళ్లు బటన్ల మీద బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ నడక నన్ను ఆశ్చర్యపరిచింది. వాళ్లు కావాలంటే అక్కడ ఏదో ఒకటి ఎగిరి దూకించొచ్చు. దూకించలేదు. నువ్వు మొదటి పేజీలోనే గబ్బిలాన్ని ఎగరేశావు.

పొగమంచు గురించి ఒక మాట. 1999లో వచ్చిన మొదటి సైలెంట్ హిల్ పాత ప్లేస్టేషన్ కోసం చేసింది. దూరంగా ఉన్న వీధుల్ని, ఇళ్లని గీసి చూపించే శక్తి ఆ మెషీన్‌కి లేదు. అందుకని దూరాన్ని పొగమంచుతో, చీకటితో కప్పేశారు. చేతకానిదాన్ని కప్పిపుచ్చడానికి వేసిన ఆ తెరే చివరికి ఆ ఊరి ఊపిరైంది. పాత బంగళాలు ఎప్పుడూ చూడలేదనీ, ఊహించి రాశాననీ నీ ఉత్తరంలో బాధపడ్డావు. చూడనిదాన్ని రాయకుండా వదిలెయ్. మంచులో ఉంచెయ్. నీకు బాగా తెలిసిన నాలుగడుగుల మేర మాత్రం స్పష్టంగా చూపించు.

జేమ్స్ దగ్గర చిన్న రేడియో ఒకటి ఉంటుంది. ఏదైనా దగ్గరికొస్తే అది గరగరలాడుతుంది. కంటికి కనబడకముందే చెవికి తెలుస్తుంది. సంగీతంతో పాటు శబ్దాలు కూడా కూర్చింది అకిరా యమఓకా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడు. ఇంకోటి, ఆ ఊళ్లో చాలా తలుపులు తెరుచుకోవు. తాళం పాడైందనే మాట పదేపదే వస్తుంది. అలాంటి తలుపు కనబడ్డప్పుడల్లా జేమ్స్ తన మ్యాప్‌లో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకుంటాడు. ఆట సగంలోకి వచ్చేసరికి మ్యాప్ నిండా ఎర్ర గీతలే. తెరుచుకోని తలుపుకి కూడా కథలో పని ఉంటుందని నాకు అక్కడే అర్థమైంది.

ఇక ఆ దయ్యం ఎవరిది అన్న విషయానికొస్తాను. ఈ ఆటలో రాక్షసుల్ని గీసింది మసాహిరో ఇటో. నడుం కింద కాళ్లున్నట్టే, నడుం పైన కూడా తలా చేతులూ లేకుండా ఇంకో జత కాళ్లున్న బొమ్మలు. ముఖం సరిగా కనబడని నర్సులు. ఇవి ఆ ఊరికి పాతకాపులు కావు. ఏళ్ల తరబడి జబ్బు మనిషి మంచం పక్కన గడిపి, కోరికల్నీ కోపాన్నీ నొక్కిపెట్టుకున్న ఒక మగవాడి లోపలినుంచి వచ్చినవి. పిరమిడ్ హెడ్ ఉన్నాడే, తలమీద పెద్ద ఇనుప తొడుగుతో తిరిగేవాడు, అతను మొదటిసారి ఎలా కనబడతాడనుకున్నావు? ఒక అపార్ట్‌మెంట్ నడవాలో, ఊచల అవతల, ఊరికే నిలబడి ఉంటాడు. కదలడు. రేడియో గరగరలాడుతూ ఉంటుంది. నువ్వు నిలబడి చూస్తావు, అతనూ నిలబడి ఉంటాడు. నేను ఆ నడవాలోంచి వెనక్కి వచ్చేశాను. చాలా తర్వాత, చివరికొచ్చాక జేమ్సే ఒప్పుకుంటాడు: నేను బలహీనుణ్ణి, నన్ను శిక్షించేవాడు ఒకడు కావాలని నువ్వు వచ్చావు అని.

అదే ఊళ్లో లారా అని ఎనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా ఆడుకుంటూ తిరుగుతుంది. దానికి ఒక్క రాక్షసుడూ కనబడడు. దాచుకున్నది ఏమీ లేదు కదా. ఏంజెలా అని ఇంకో అమ్మాయి. సొంత తండ్రే ఆమె జీవితాన్ని పాడు చేశాడు. హోటల్‌లో ఒక మెట్లదారి మొత్తం మంటల్లో ఉంటుంది. ఏంజెలా ఆ మెట్ల మీద నిలబడి ఉంటుంది. ఇక్కడ నిప్పుల కొలిమిలా ఉందని జేమ్స్ అంటే, నీకూ కనబడుతోందా, నాకు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది అన్నట్టు మాట్లాడి, మంటల్లోకి మెట్లెక్కి వెళ్లిపోతుంది. ఊరు ఒక్కటే, ఎవరి నరకం వాళ్లది. ఆ ఘట్టం గుర్తొస్తే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

లేక్‌వ్యూ హోటల్, 312వ నంబరు గది. అక్కడ వీడియో టేపు చూశాక తెలుస్తుంది, మేరీ జబ్బుతో పోలేదు. ముఖం మీద దిండు అదిమింది జేమ్సే. ఆ తర్వాత ఒక పొడుగాటి నడవా వస్తుంది. నడుస్తుంటే ఆసుపత్రిలో ఒకనాటి మాటలు వినబడతాయి. జేమ్స్ పూలు తెచ్చాడు. నాకెందుకీ పూలు, నా మొహం చూడు, పో ఇక్కణ్ణించి అని మేరీ అరుస్తుంది. ఆ వెంటనే, వెళ్లకు, నా దగ్గరే ఉండు అని ఏడుస్తుంది.

మా నాన్న ఆఖరి ఏడాది మంచంలోనే ఉన్నారు. ఒక మధ్యాహ్నం అన్నం కంచం తోసేశారు. మెతుకులు ఎత్తి, నేల తుడిచి, నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఇదంతా ఎప్పటికి అయిపోతుందో అనుకున్నాను. ఎదురింటి గోడ మీద ఎండ పడుతోంది, అది కూడా గుర్తుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లు కథలు రాశాను, ఆ వాక్యం మాత్రం ఏ కథలోనూ పెట్టలేకపోయాను. ఆ నడవాలో నడుస్తూ మేరీ గొంతు విన్నాక, ఆ రాత్రి కూర్చుని రాశాను. జేమ్స్ చేసినదాన్ని ఆట మెచ్చుకోదు, తేలిగ్గా క్షమించదు కూడా. అతన్ని దాచుకోనివ్వదు, అంతే.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలి. మొదట్నుంచీ అది జేమ్స్ దగ్గరే ఉంటుంది. ఎప్పుడైనా తీసి చూడొచ్చు. ఆట సాగేకొద్దీ అందులో అక్షరాలు ఉండవు, తెల్ల కాగితం మిగులుతుంది. చివరికి అదీ ఉండదు. ఎవరూ ఆ సంగతి నీకు చెప్పరు. తీసి చూస్తేనే తెలుస్తుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు చూడనేలేదు.

ముగింపు కూడా అంతే. ఇది కావాలా అది కావాలా అని ఆట అడగదు. నువ్వు ఎలా ఆడుతున్నావో గమనిస్తూ ఉంటుంది. ఏంజెలా దగ్గర తీసుకున్న చాకు ఒకటి ఉంటుంది, దాంతో పోట్లాడటం కుదరదు. దాన్ని మాటిమాటికీ తీసి చూసినా, దెబ్బలు తగిలి మందు వేసుకోకుండా తిరిగినా, జేమ్స్ చచ్చిపోవాలనుకుంటున్నాడని లెక్కేసుకుంటుంది. అప్పుడు సరస్సులో మునిగిపోయే ముగింపు వస్తుంది. మేరీ ఫొటో, ఉత్తరం చూసుకుంటూ, ఒంటిని జాగ్రత్తగా చూసుకుంటే లారాతో కలిసి ఊరు దాటి వెళ్లే ముగింపు రావచ్చు. స్క్రిప్టు రాసిన హిరోయుకి ఓవాకు, ఆయనతో పనిచేసినవాళ్లు చూసేవాడి మీద ఇంత నమ్మకం ఎలా పెట్టుకోగలిగారో! నువ్వేమో మీ కుర్రాడికి భయం వేసిందని ఏడుసార్లు చెప్పావు.

పాత ఆట దొరకడం కష్టం. 2024లో పోలండ్‌కి చెందిన బ్లూబర్ టీమ్ మళ్లీ తయారుచేసింది, ప్లేస్టేషన్ 5లో, కంప్యూటర్‌లో ఆడొచ్చు. అందులో కెమెరా జేమ్స్ భుజం వెనకే ఉంటుంది. పాతదాంట్లో చాలాచోట్ల ఏదో మూల నుంచి, ఎవరో చాటుగా చూస్తున్నట్టు ఉండేది. నాకు అదే ఇష్టం. కొత్తది కూడా మనసు పెట్టి చేశారు. పరీక్షలయ్యాకే మొదలుపెట్టు, మీ చెల్లిని పక్కన కూర్చోబెట్టుకో.

ఇక నీ కథ. రెండో పేజీ చివర్లో ఒక వాక్యం ఉంది: "నానమ్మ పోయిన రోజు నాకు పరీక్ష ఉంది, అందుకే వెళ్లలేకపోయాను." దాన్ని రాసేసి, పేరా మార్చి, నేరుగా మెట్ల దగ్గరికి వెళ్లిపోయావు. నేను అక్కడే ఆగిపోయాను. తెల్లచీర ఆవిణ్ణి తీసెయ్. బంగళా ఉండాలో వద్దో తర్వాత చూద్దాం. ముందు ఆ వాక్యం దగ్గర కూర్చుని నాకు ఒక్క సంగతి రాసి పంపు. ఆ రోజు ఆ కుర్రాడికి నిజంగా పరీక్ష ఉందా?

ప్రేమతో,
అత్తయ్య