చౌక సిగరెట్లకు మూడు రూపాయల వడ్డీ అప్పా?

గుంటూరు జిల్లా నుంచి ఒక కిరాణా దుకాణదారు ప్రశ్న: “7 వేలు అద్దె పోను నెలకు 34 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 26 వేలు. బ్యాంకులో 40 వేలున్నాయి. ఒకాయన ఫారిన్ సిగరెట్లు సగం ధరకే ఇస్తానన్నాడు, 5 వేలు అడ్వాన్సు ఇచ్చాను. నోటు రాసి నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు తేవచ్చా? మా బావమరిది గోవా మందు కూడా తెప్పిస్తానంటున్నాడు. నష్టం ప్రభుత్వానికే కదా?”

వద్దండి. వచ్చే లాభం లెక్కేసి, సరుకే పోతే ఏంటన్న లెక్క వదిలేయడం చిన్న వ్యాపారుల్లో చాలామంది చేసే పొరపాటే.

ఆ సగం ధర ఎలా వచ్చింది? 2026 ఫిబ్రవరి నుంచి సిగరెట్లపై జీఎస్టీ 40 శాతం. ఎక్సైజ్ సుంకం వేరే: పొడవును బట్టి వెయ్యి సిగరెట్లకు 2,050 నుంచి 8,500 రూపాయలు. దిగుమతి సరుకైతే కస్టమ్స్ కూడా. ఇవేవీ కట్టలేదు కాబట్టే చౌక. ప్రభుత్వానికి పోయిందంటున్న డబ్బే మీ లాభం! దాన్ని వెతుక్కుంటూ వస్తే దొరికేది కొట్లో కూర్చున్న మీరే, సరుకు దింపి పోయినవాడు కాదు. పెట్టె మీద 85 శాతం బొమ్మ హెచ్చరిక లేకపోతే వీధిలోంచే తెలిసిపోతుంది. అలాంటిది అమ్మితే మొదటిసారికే ఏడాది దాకా జైలు శిక్ష వేయవచ్చు.

సరుకు జప్తయినా అప్పు కదలదు. నెలకు 6 వేల వడ్డీ, మీకు మిగిలేదేమో 8 వేలు. అధికారులు జప్తు చేసిన సరుకుకు షాపు ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు.

అసలు నాకు టెన్షన్ పెట్టింది ఆ 40 వేలు. రేపు మీకు కాలు విరిగి కొట్టు మూతపడితే ఇంటి ఖర్చు, అద్దె కలిపి నెలకు 33 వేలు కావాలి. ఆరు నెలలకు 1.98 లక్షలు. అప్పు తెద్దామనుకుంటున్న మొత్తం దాదాపు అంతే, కానీ అది మీ సొంత డబ్బుగా బ్యాంకులో ఉండాల్సింది. ఉన్న 40 వేలు కదపకుండా, మిగిలే 8 వేలూ నెలనెలా ఆర్డీలో వేయండి, 20 నెలల్లో పూర్తవుతుంది. అప్పటిదాకా కొత్త చీటీ వద్దు, కొత్త బండి వద్దు.

మామూలు సరుకుకే పెట్టుబడి చాలకపోతే బ్యాంకులో ముద్ర రుణం అడగండి.

గోవా మందంటారా, మద్యం జీఎస్టీలో లేదు, దాని పన్ను రాష్ట్ర ఖజానాది. సుంకం కట్టని సీసా దొరికితే ఎక్సైజ్ వాళ్లు బండితో సహా పట్టుకుంటారు. మీ బావమరిదికి ఈ మాట చదివి వినిపించండి.

అడ్వాన్సు ఇచ్చిన 5 వేలు వదులుకోండి. దానికి బదులు సరుకు ఇస్తానన్నా తీసుకోవద్దు.